పొట్టేలు కొమ్ము చెంపకు గుచ్చుకుంటోంది: ఆక్సా బ్లేడా, తీగ రంపమా, అసలు కోయాలా?

పాలమూరు మంద:
మా జొడిపి పొట్టేలుకు (నెల్లూరు గొర్రెల్లో ఒక రకం) మూడేళ్లు. ఎడమ కొమ్ము చుట్టు తిరిగి దవడ మీదకు వచ్చేసింది. అక్కడ వెంట్రుకలు రాలి చర్మం కమిలింది, ఇంకా పుండు పడలేదు. కొమ్ముకూ చెంపకూ మధ్య చిటికెన వేలు దూరడమే కష్టం. నెమరు వేసేటప్పుడు తల విదిలిస్తోంది. 2017లో తెలంగాణ ప్రభుత్వ గొర్రెల పంపిణీ పథకంలో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు కదా, ఆ పొట్టేలుకు ఇది మనవడి వరస. మందకు ఉన్నది ఇదొక్కటే. మా బావ ఆక్సా బ్లేడు చాలంటున్నాడు. పక్కూరి ఆయన గ్రైండర్ తెస్తానన్నాడు, ఆ మాటకే నాకు టెన్షన్ మొదలైంది. చేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బ్లేడు బావ:
దీనికింత చర్చ ఎందుకు తమ్ముడూ? సన్న పళ్ల కొత్త ఆక్సా బ్లేడు తెచ్చుకో, పాతది వద్దు. పొట్టేలును వెనక కాళ్ల మీద కూర్చోబెట్టి, వీపు నీ మోకాళ్లకు ఆనించుకో. ఇంకొకరు రెండో కొమ్ము గట్టిగా పట్టుకుంటే ఐదు నిమిషాల పని. నేను ఏడెనిమిదింటికి కోశాను. గ్రైండర్ మాత్రం వద్దు. ఆ మోతకు అది తల ఒక్క విదుపు విదిలిస్తే కన్ను పోతుంది, లేదా నీ వేలు పోతుంది.

ఉదయగిరి కాపరి:
గ్రైండర్ సంగతిలో బావతో నాకు పేచీ లేదు. బ్లేడు దగ్గరే ఉంది. చిటికెన వేలు దూరని సందులో బ్లేడు ఎలా పెడతావు? బయటి నుంచి లోపలికి కోసుకుంటూ రావాలి. చివరి పోటు ఎక్కడ ఆగుతుంది? చెంప మీద. రెండేళ్ల కింద నాకు జరిగింది ఇదే. కొమ్ము తెగిన ఊపులో బ్లేడు దవడ చీల్చింది. వానాకాలం, మూడో రోజుకే పురుగు పట్టింది. పది రోజులు పురుగులు ఏరుతూ కూర్చున్నాను.

తీగ రంపమైతే సన్నగా ఉంటుంది కాబట్టి ఆ సందులోంచి దూరుతుంది. రెండు కొసలకూ కర్ర పిడులు కట్టి బయటకు లాగుతూ కోస్తావు. అంటే కోత మొదలయ్యేది చెంప దగ్గర, ముగిసేది చెంపకు దూరంగా. మధ్యలో తోలు ముక్క గానీ తడి గుడ్డ గానీ పెట్టు, ఎందుకంటే తీగ బాగా కాలుతుంది. చేతులు ఎడంగా పెట్టి పొడుగ్గా లాగాలి. గబగబా చిన్న చిన్నగా లాగినా, తీగలో మెలిక పడినా పుటుక్కున తెగుతుంది.

బ్లేడు బావ:
తీగ మా ఊళ్లో ఎవరమ్ముతారన్నా? బ్లేడు కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది.

ఉదయగిరి కాపరి:
పశువుల మందుల షాపులో అడుగు బావా, లేకుంటే డాక్టరు దగ్గర ఉంటుంది. కిరాణా కొట్లో దొరికిందే పనిముట్టు అంటే ఇక నేనేం చెప్పను.

రిటైరైన పశువైద్యుడు:
ఇద్దరూ పనిముట్టు గురించే కొట్లాడుకుంటున్నారు, ఎంత మేర తీయాలో ఎవరూ చెప్పలేదు. కొమ్ము పైన గోరులాంటి తొడుగు, లోపల ఎముక. ఆ ఎముకలో రక్తనాళాలు ఉంటాయి, తగిలితే నొప్పి, రక్తం రెండూ తప్పవు. కొన వైపు మాత్రం ఉత్త తొడుగే. ఎముక ఎంతవరకు వచ్చిందో పైకి కనిపించదు. అరచేత్తో పట్టి చూస్తే మొదలు వెచ్చగా, కొన చల్లగా ఉంటుంది. అదొక గుర్తు మాత్రమే, పూర్తిగా నమ్మవద్దు.

పాలమూరు తమ్ముడూ, మీ పొట్టేలుకు కొన మొత్తం ఎగరగొట్టాల్సిన పని ఉండకపోవచ్చు. చెంప వైపున్న ముఖాన్ని నిలువుగా ఒక పలక లేపినట్టు తీసినా రెండు వేళ్ల సందు వస్తుంది. దానికి తీగే నయం. ఆ వేడికి చిన్న నాళాలు కొంత మూసుకుంటాయి కూడా. గిట్టల కత్తెరతో కొరకవద్దు, కొమ్ము నలిగి నిలువునా చీలుతుంది. మొదలు దాకా కోయాలంటే మాత్రం అది ఇంట్లో చేసే పని కాదు. మత్తు సూది కావాలి, నుదుటి లోపలి గాలి గది తెరుచుకునే ప్రమాదం ఉంది. 1962కు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది. ఏం చేసినా వానలు తగ్గాక చేయండి, ధనుర్వాతం సూది మరవద్దు.

సంత బేరగాడు:
బక్రీదుకు అమ్మే ఉద్దేశం ఉంటే ఒక మాట. మా దగ్గర కొనేవాళ్లు ముందు కొమ్ములే చూస్తారు. కొన తీసింది అయితే పట్టించుకోరు. మొదలంటా విరిగినదాన్ని ఖుర్బానీకి ఒప్పుకోరు, ఇక మాంసం ధరకే పోతుంది.

మేలు జాతి:
అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. కొమ్ము ఇలా చెంపకు ఆనుకుని పెరగడం కొంత వంశంలో వచ్చేది. మన నెల్లూరు గొర్రెల్లో ఆడవాటికి కొమ్ములు దాదాపు ఉండవు కాబట్టి లోపం తల్లిలో కనపడదు, కొడుకుల్లో బయటపడుతుంది. మీరు కోసి దాచిపెట్టి దాన్నే ఇరవై గొర్రెల మీదకు వదిలితే, మూడేళ్లకు ఇరవై పొట్టేళ్లకు తీగ రంపం పట్టాలి. అమ్మేయండి.

బ్లేడు బావ:
నీకేం సారూ, అమ్మేయమని చెప్తావు. మంచి పొట్టేలు దొరికేదాకా ఇరవై గొర్రెలు ఖాళీగా ఉంటే ఆ ఈతలు నువ్వు తెచ్చిస్తావా?

మేలు జాతి:
ఇప్పుడు కోయవద్దని నేను అనలేదు. చెంపకు గుచ్చుకుంటుంటే కోయాల్సిందే. వచ్చే ఏడాదికి మాత్రం దాని కొడుకును విత్తనానికి ఉంచవద్దంటున్నా.

పాలమూరు మంద:
అందరికీ దండాలు. నిన్న పొద్దున్నే అయిపోయింది. డాక్టరు తీగ తెచ్చారు, నేను తల పట్టుకున్నాను. పలకే లేపారు, రక్తం చుక్క రాలేదు గానీ కాలిన వెంట్రుకల వాసన నా చొక్కాకు ఇంకా ఉంది. సాయంత్రానికి మేతకు దిగింది. కుడి కొమ్ము కూడా అదే దారిలో ఉంది, ఆరు నెలల్లో మళ్లీ చూడాలన్నారు. మేలు జాతి సారూ, దీని కొడుకులు మూడు ఉన్నాయి, కొమ్ములు ఇంకా బొటన వేలంతే. ఏ వయసుకు తెలుస్తుంది?

ఉదయగిరి కాపరి:
ఏడాది నిండాక ముందు నుంచి ఫొటో తీసి పెట్టు. పక్క నుంచి తీస్తే తెలియదు.