సీనియర్ ఫైలు చూసి అసైన్‌మెంట్ దించేస్తే తప్పేటి?

పర్లాకిమిడి కుర్రోడు:
పగలు మందుల షాపు, రాత్రి దూరవిద్యలో బీఏ. ఇగ్నో (ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం)లో అసైన్‌మెంట్‌కి 30 శాతం, పరీక్షకి 70 శాతం. చేత్తోనే రాయాలి. సీనియర్ ఫైలు తెచ్చుకుని గీతల కాగితాల మీద మూడు రాత్రులు కూర్చుని దించేశాను. చరిత్రకి నూటికి 48 పెట్టారు. అదే ఫైలుకి మా సీనియర్‌కి 74 వచ్చాయట! ముప్పై శాతం కోసం సొంతంగా రాసి చావడం ఎందుకండీ? కాదనేవాళ్లు కారణం చెప్పండి.

బరంపురం బావ:
తప్పేం లేదు తమ్ముడూ. దిద్దేవాళ్లు పేజీలు లెక్కెడతారు గాని చదువుతారేటి? దస్తూరీ గుండ్రంగా ఉండాలి, హెడ్డింగు కింద నీలిగీత పడాలి. మూడేళ్లూ అలాగే లాగించాను, పాసయ్యాను.

రాయగడ అమ్మాయి:
"ముప్పై శాతమే" అనేవాళ్లు ఒకసారి లెక్క చూడండి. అసైన్‌మెంట్‌లో 50కి బదులు 80 వస్తే మొత్తంలో 9 మార్కులు పెరుగుతాయి. ఆ 9 పరీక్షలో రాబట్టాలంటే అక్కడ నూటికి దాదాపు 13 ఎక్కువ తెచ్చుకోవాలి. మూడు గంటల పరీక్షలో చెయ్యి లాగేస్తుంటే ఆ 13 తేవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇంట్లో పుస్తకం ముందేసుకుని, టీ తాగుతూ తెచ్చుకోగలిగే మార్కులు వదిలేస్తారా?

గుణుపురం మాస్టారు:
బాబూ, ఫైల్లో ఉన్న ప్రశ్నా నీకు ఇచ్చిన ప్రశ్నా పక్కపక్కన పెట్టు.

పర్లాకిమిడి కుర్రోడు:
ఇంగ్లీషులో ఉన్నాయి, తెలుగులో పెడుతున్నా. ఫైల్లో: "శాశ్వత శిస్తు విధానం లక్షణాలు వివరించండి." నాది: "శాశ్వత శిస్తు విధానం రైతుల మీద చూపిన ప్రభావాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి."
...అయ్యో. మొదటి మూడు మాటలు చూసి అదే అనుకున్నాను.

గుణుపురం మాస్టారు:
చూశావా? 48 పెట్టినవాళ్లు చదివే పెట్టారు. బావగారు ఏమనుకున్నా సరే.

నువ్వు రాసినది ఊహించగలను. 1793, గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్, బెంగాలు, జమీందారు ఈస్టిండియా కంపెనీకి కట్టే మొత్తం ఎప్పటికీ మారదు. అంతా నిజమే, కానీ అడిగింది రైతు గురించి. జమీందారు కట్టేది స్థిరం, రైతు దగ్గర వసూలు చేసేదానికి మాత్రం కట్టుదిట్టమైన హద్దు లేదు. జవాబు అక్కడ మొదలవ్వాలి. గడువులోగా కట్టలేని జమీ వేలానికి పోయేది, ఆ ఒత్తిడి చివరికి కింద ఉన్నవాడి మీదే పడేది.

ఇంకో మాట. ఆ పద్ధతిని 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలోనూ తెచ్చారు, గంజాం వైపు జమీలకి కూడా. మీ పర్లాకిమిడి జమీయే కదయ్యా! రోజూ గజపతి ప్యాలెస్ పక్కనుంచి పోతూ, జవాబులో మాత్రం బెంగాలు దాటి రాకపోతే ఎలా? ఒక్క పేరా మన వైపుది రాసి ఉంటే అది ఫైలు కాపీ అని ఎవరూ అనలేరు.

కొలత కూడా చూసుకో. బీఏ పేపర్లు చాలావాటిలో పెద్ద జవాబు 500 మాటలు, నడిమిది 250, చిన్నది 100. చిన్నదాన్ని మూడు పేజీలు సాగదీసి, 20 మార్కుల పెద్దదాన్ని పేజీన్నరలో ముగించేవాళ్లని బోలెడుమందిని చూశాను.

బరంపురం బావ:
మాస్టారూ, ఇదంతా ఖాళీగా ఉన్నవాళ్లకి. రాత్రి పదింటికి షట్టరు దించేవాడికి చెప్పండి.

రాయగడ అమ్మాయి:
బావగారూ, దించడానికీ మూడు రాత్రులు పట్టిందిగా! నేనూ డ్యూటీ చేస్తూనే చదివాను. ఇంగ్లీషులో ఒక్క వాక్యమూ వచ్చేది కాదు. ముందు పాఠం మా అమ్మకి తెలుగులో చెప్పేదాన్ని, ఆవిడ కూరగాయలు కోస్తూ "అయితే ఆ రైతు ఏం చేశాడే?" అని అడిగేది. జవాబు తట్టకపోతే నాకు పాఠం రానట్టే. తట్టాక పెన్ను పట్టేదాన్ని. ఇంగ్లీషు నాసిగా ఉన్నా 71 వచ్చాయి.

గుణుపురం మాస్టారు:
అమ్మాయి చెప్పినది పర్లాకిమిడికి కొత్త కాదు. గిడుగు రామమూర్తి గారు 1880లో ఆ ఊరికే పంతులుగా వచ్చారు. సవర గిరిజన పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకుని పుస్తకాలు రాశారు. తెలుగులోనూ మాట్లాడే భాషలోనే రాయాలని పట్టుబట్టారు. తెలిసిన మాటలో ముందు అర్థం చేసుకుని తర్వాత ఇంగ్లీషుకి వెళ్లడం సిగ్గుపడే పని కాదు.

బరంపురం బావ:
సరే, ప్రశ్న చూడకుండా దించడం తప్పని ఒప్పుకుంటాను. నీలిగీత మాత్రం వదలను.

పర్లాకిమిడి కుర్రోడు:
ఇంకో పేపరు ఇవ్వాల్సి ఉంది, ఈసారి ప్రశ్న ముందు పైన రాసుకుంటాను. మాస్టారూ, ఈ "విమర్శనాత్మకంగా" అంటే కంపెనీని తిట్టమనా?

గుణుపురం మాస్టారు:
తిట్టడం కాదు. ఎవరికి లాభం, ఎవరికి నష్టం, ఎంతవరకు అని తూకం వెయ్యడం. మందుల షాపులో ఉన్నావు, తూకం నీకు నేను నేర్పాలా?