చర్చ: రోమాల ఇళ్లలో పిల్లల్ని సోదా చేయడం రక్షణా, వివక్షా?

కృష్ణాతీరం: 2013 అక్టోబరులో గ్రీసులోని ఫార్సాలా దగ్గర రోమాల (యూరప్‌లో జిప్సీలని పిలిచే జనం) పేటలో పోలీసులు సోదా చేశారు. ఒక ఇంట్లో దుప్పటిలోంచి నాలుగేళ్ల పాప తల బయటికి కనిపించింది. బంగారు రంగు జుట్టు. పెంచుతున్న దంపతులతో డీఎన్‌ఏ కలవలేదు. అంతే, కిడ్నాప్ అని ప్రపంచమంతా వార్త. పోలీసులు చేసింది తప్పా?

సూటిమనిషి: తప్పేముంది? ఆ దంపతుల పేర కాగితాల్లో పద్నాలుగు మంది పిల్లలున్నారనీ, అందులో ఆరుగురు పది నెలల్లోపే పుట్టినట్టు రాయించారనీ పోలీసులే చెప్పారు. అలాంటప్పుడు అనుమానం రాదా?

వేపచెట్టు: కాగితాల మోసం ఉంటే కేసు పెట్టండి, కాదనను. కిడ్నాప్ మాటేమైంది? కొద్ది రోజులకే కన్నతల్లి బల్గేరియాలో నికొలాయెవో అనే ఊళ్లో దొరికింది. ఆవిడా రోమానే. గ్రీసుకు కూలికెళ్లినప్పుడు పుట్టిన బిడ్డ, కాగితాలకు డబ్బుల్లేక వదిలొచ్చానంది. మా నాన్నమ్మ తన చెల్లెలి కొడుకుని పెంచింది. రేషన్ కార్డులో కొడుకనే రాయించింది. దత్తత పత్రమనేది ఒకటుంటుందని కూడా ఆవిడకు తెలీదు. మా ఇంటికి పోలీసులెవరూ రాలేదు. మాకు జుట్టు రంగు కలిసింది కదా!

ఇంకోటి వినండి. అదే నెలలో ఐర్లండ్‌లో, డబ్లిన్‌లో ఏడేళ్ల పాపనీ, అథ్లోన్‌లో రెండేళ్ల బాబునీ రోమా తల్లిదండ్రుల దగ్గర్నించి తీసుకెళ్లారు. కారణం వాళ్ల తెల్లటి రంగు, జుట్టు. డీఎన్‌ఏ చూస్తే ఇద్దరూ సొంత బిడ్డలే. 2014లో వచ్చిన అధికారిక విచారణ నివేదిక, డబ్లిన్ పాప విషయంలో జాతిని బట్టే అనుమానించారని తేల్చింది.

మల్లెతీగ: మరి కొందరు రోమాల్లో పద్నాలుగేళ్లకే పెళ్లిళ్లు? డబ్బు తీసుకుని పిల్లనివ్వడం? దాన్నీ ఆచారమని వెనకేసుకొస్తారా?

వేపచెట్టు: రెండూ కలిపేయకండి. కల్దెరాష్ లాంటి కొన్ని రోమా శాఖల్లో పెళ్లికొడుకు వైపువాళ్లు పిల్ల తండ్రికి డబ్బిస్తారు. మన దగ్గర దాన్నే ఓలి అనేవాళ్లు. కట్నం అడిగే మనం ఓలిని అమ్మకం అనడం భలే ఉంది. చిన్నపిల్ల పెళ్లి మాత్రం తప్పే, ఎవరు చేసినా. రోమా ఆడవాళ్లే దాని మీద పోరాడుతున్నారు.

మల్లెతీగ: ఓలి తీసుకున్న ఇంట్లో పిల్ల వద్దని చెప్పగలదా? నా అనుమానం అక్కడే. దానికి మీరు జవాబివ్వలేదు.

పాలమూరోణ్ణి: మన దగ్గర కూడా 2018 మేలో వాట్సాప్‌లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా వచ్చిందని తిరిగింది గుర్తుందా? మా నాన్న కూడా కర్ర పట్టుకుని మూడు రాత్రులు కాపలా కాశాడు. ఎవరూ రాలేదు. అదే నెలలో హైదరాబాద్‌లో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఈ పుకారు నమ్మి కొట్టి చంపారు. ఆ రాత్రుల్లో ఎవరైనా బిచ్చగాళ్లు మా ఊరొస్తే నాన్న ఏం చేసేవాడో ఇప్పటికీ అడగలేదు.

సూటిమనిషి: ఐర్లండ్ సంగతి నాకు తెలీదు. కాగితాల మాట మీద మాత్రం నిలబడతాను.