అమ్మకి మోకాలి ఆపరేషన్: తన రక్తమే తీసి ఉంచొచ్చా?

డాలస్, కొత్తగా వచ్చాను:
అందరికీ నమస్కారం. వైజాగ్‌లో అమ్మకి వచ్చే నెల మోకాలి మార్పిడి ఆపరేషన్. రెండు యూనిట్ల రక్తం చూసుకోమన్నారు. అక్కడ నాన్న ఒక్కరే. అమ్మ రక్తమే ముందు తీసి ఉంచొచ్చంటున్నారు, నిజమేనా?

గాజువాక, ఇప్పుడు న్యూజెర్సీ:
నిజమే తమ్ముడూ. హిమోగ్లోబిన్ 11కి తగ్గకూడదు. వారానికో యూనిట్ తీస్తారు, ఆఖరిది ఆపరేషన్‌కి 72 గంటల ముందే అయిపోవాలి. ముందు తేదీ గట్టిగా ఖాయం చేయించుకో. 2016లో మా నాన్నగారి తుంటి ఆపరేషన్‌కి మూడు వారాల ముందే మొదటి సంచి తీయించాం. తీరా అడ్మిట్ అయ్యే రోజు ఆపరేషన్ ఇంకో మూడు వారాలు వాయిదా అన్నారు. ఆ సంచి గడువేమో 35 రోజులు. కౌంటర్లో అబ్బాయి లేబుల్ మీద తేదీ చూపించి పక్కన పడేశాడట. నాన్నగారు "బాబూ, అది నా రక్తం" అంటూ అక్కడే నిలబడిపోయారట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. రాత్రి రెండింటికి ఇక్కణ్ణుంచి ఫోన్లు చేస్తే, మద్దిలపాలెం నుంచి పాత క్లాస్‌మేట్ బండి మీద వెళ్లి ఇచ్చాడు.

సీతమ్మధార, హ్యూస్టన్‌లో నర్సుని:
అన్నయ్యగారూ, పెద్దవాళ్లకి ముందే రక్తం తీస్తే ఆపరేషన్ నాటికి నీరసపడతారు, ఎక్కించాల్సిన అవసరం ఇంకా పెరుగుతుంది. అందుకే ఇక్కడ చాలాచోట్ల మానేశారు. తమ్ముడూ, ముందు అమ్మకి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూపించు. ఐరన్ తక్కువుంటే ఇప్పుడే మొదలుపెట్టాలి. ట్రానెక్సామిక్ యాసిడ్ ఇస్తారా అని సర్జన్‌ని అడుగు, రక్తం పోవడం బాగా తగ్గుతుంది. సెల్ సేవర్ ఉందేమో కూడా కనుక్కో. ఆపరేషన్లో కారిన రక్తాన్ని పీల్చి, సెలైన్‌తో కడిగి, ఎర్రకణాలు తిరిగి ఎక్కించే మిషన్ అది.

గాజువాక:
మానేశారంటే ఎలాగమ్మా? బాంబే గ్రూపు వాళ్ల సంగతేంటి? వాళ్లకి దాత దొరకడమే గగనం.

సీతమ్మధార:
అరుదైన గ్రూపైతే ఒప్పుకుంటాను. ఆవిడది ఏ గ్రూపో మనం అడగనే లేదు కదా.

ఎంవీపీ కాలనీ, ఇప్పుడు చికాగో:
ఒక్క మాట. ఆస్పత్రి గేటు దగ్గర డబ్బుకి దాతని ఇప్పిస్తామంటే నాన్నగారిని ఒప్పుకోవద్దను. రక్తం అమ్మడం 1998 జనవరి 1 నుంచి నిషేధం. ఎవరి రక్తమైనా సరే, సంచి మీద పేరు, నంబరు చూశాకే ఎక్కించనివ్వండి. సొంత సంచి కూడా తారుమారు కావచ్చు.

డాలస్:
రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 9.8 అట, గ్రూపు బి పాజిటివ్. డాక్టర్ ఐరన్ మొదలుపెట్టి, ఆపరేషన్ మూడు వారాలు వెనక్కి జరిపారు.

గాజువాక:
అయితే తీయించకు. మా బావమరిది అక్కయ్యపాలెంలోనే ఉంటాడు, బి పాజిటివే. నాన్నగారి నంబరు నాకు విడిగా పంపు.