‘నీచు’కీ నీచానికీ చుట్టరికం లేదు

“మాంసం తగ్గించినవాళ్లు ‘నీచు మానేశాం’ అంటుంటే తినేవాళ్లను చిన్నబుచ్చినట్టుంది, ఆ మాట వాడకండి” అని అమలాపురం నుంచి ఒకావిడ రాశారు. ఆవిడ బాధ న్యాయమే. మాటను మాత్రం వదులుకోవద్దండీ.

నీచం సంస్కృత పదం. నీచు అచ్చంగా మనది. పైకి పలికి చూడండి: ‘చుక్క’, ‘చాప’లలో వినిపించే చకారమే ఇందులోనూ ఉంది, పాత పుస్తకాల్లో ‘ౘ’ అని అచ్చువేసేవారే, అది. నీచంలోది ‘చెట్టు’లోని చకారం. చేపలు కడిగాక చేతికి పట్టుకుని వదలనిది నీచు వాసన. ఆ వాసన పేరే కూరకీ వచ్చింది. తెలంగాణలో ‘నీసు’ అంటారు. ఇందులో తిట్టు ఎక్కడుంది?

కోనసీమ ఇళ్లలో “ఇవాళ నీచు వండారు” అంటే ప్రతిసారీ కిలో మాంసం అనుకోకూడదు. ఆనపకాయ ముక్కల్లో గుప్పెడు ఎండురొయ్యలు వేసినా నీచే. వంకాయలో నాలుగు ఎండుచేప ముక్కలు, చింతచిగురులో కాసిని పచ్చిరొయ్యలు వేసినా అంతే. కూరలో సింహభాగం కాయదీ ఆకుదీ, రుచి మాత్రం నీచుది. ఇంటిల్లిపాదీ ఆ గుప్పెడుతోనే తృప్తిగా తినేవారు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట పట్టుకుని గోదావరి వాళ్లకు రోజూ ముక్క ఉండాల్సిందే అనుకుంటారు గానీ, పులస దొరికేదే వరదల రోజుల్లో. కిలోల లెక్కన కొనడం బ్రాయిలర్ కోడి వచ్చాక బాగా పెరిగింది. అందుకే తగ్గించడం మనకు కొత్త అలవాటని నేననుకోను.

మానడానికి చెప్పే కారణాలు మాత్రం మారాయి. శనివారం, కార్తీకం, మొక్కు, ఇవైతే ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. అదే ఇరవై ఏళ్ల పిల్ల పెళ్లి బంతిలో “నాకు వద్దు పిన్నీ, మానేశాను” అంటే చాలు, “మొక్కా? డాక్టరు వద్దన్నాడా?” అని మొదలెడతారు. కోడిని కోస్తుంటే చూడలేకపోతున్నానని ఆ పిల్ల చెబితే నవ్వేస్తారు. నాకు కష్టంగా అనిపించేది ఆ నవ్వే. జాలి కూడా మొక్కంత గట్టి కారణమే కదా. అలాగే, మానేసినవాళ్లు పక్క విస్తరి చూసి ముక్కు మూసుకోవడమూ తప్పే. అవమానం ఆ చేష్టలో ఉంది, దాన్ని తెచ్చి మాట మీద వెయ్యకండి.

నరసాపురం, రాజోలు వైపు వాళ్లు చెప్పండి: మీ ఇళ్లలో గుడ్డును కూడా నీచులో కలుపుతారా? మానేశాను, తగ్గించాను అనడానికి పెద్దవాళ్లు వాడే వేరే మాటలేమైనా ఉన్నాయా?