‘అధికార మిచ్చిన’: ఇచ్చినది ఎవరు? వేమన పద్యానికి అన్వయం

వేమనను అభిమానించేవాళ్ళ మధ్య రాజకీయాల ప్రస్తావన వస్తే ఈ పద్యం రాకుండా ఉండదు. ఈ చర్చలోనూ అదే జరిగింది.

అల్పబుద్ధివాని కధికార మిచ్చిన
దొడ్డవారి నెల్ల తోలగొట్టు
చెప్పు తినెడి కుక్క చెరకు తీపెరుగునా
విశ్వదాభిరామ వినుర వేమ

ఒక మిత్రుడు ఒక నాయకుడిని ఉద్దేశించి ఈ పద్యాన్ని ఉదహరించారు. ప్రజలు ఎన్నుకున్న మనిషిని కుక్కతో పోల్చడం మర్యాద కాదని మరొకరు అభ్యంతరం చెప్పారు. వేమన రాజునైనా లెక్కచేయలేదు కాబట్టి ఆయన అభిమానులం మనమెందుకు జంకాలని ఇంకొకరు అడిగారు. మర్యాద సంగతికి తరువాత వస్తాను. ముందు పద్యానికి అర్థం తేల్చుకోవాలి. ముగ్గురూ పద్యం నాయకుడి గురించే అనుకుని వాదించారు గాని, మొదటి పాదం చివరి మాటను పట్టించుకోలేదు.

‘ఇచ్చిన’ అనే రూపానికి తెలుగులో రెండు అర్థాలు ఉన్నాయి. ‘ఇచ్చిన మాట’లో అది తరువాతి నామానికి విశేషణం. ‘ఇచ్చినచో’, ‘ఇస్తే’ అనే భావంలో అది చేదర్థకం. విశేషణంగా తీసుకుంటే ‘ఇచ్చిన దొడ్డవారినెల్ల’ అని కలిపి, తనకు అధికారం కట్టబెట్టిన పెద్దలనే ఆ అల్పుడు వెళ్ళగొడతాడని చెప్పుకోవచ్చు. పదవిలోకి తెచ్చినవారిని మరిచిపోయే నాయకుల మీద కోపం ఉన్నవారికి ఈ అర్థం బాగా నచ్చుతుంది, మన మిత్రుడు చెప్పిన తాత్పర్యం కూడా ఇదే. చేదర్థకంగా తీసుకుంటే, అల్పబుద్ధికి అధికారం ఇచ్చినట్లయితే వాడు యోగ్యులందరినీ తరిమేస్తాడని అర్థం వస్తుంది.

ఇలాంటి చోట సాధారణంగా సంధి మనకు సాయపడుతుంది. చేదర్థకం ద్రుతాంతం, అంటే చివర ‘న్’ ఉన్న రూపం, కాబట్టి దాని తరువాత పరుషం (క, చ, ట, త, ప) వస్తే సరళంగా (గ, జ, డ, ద, బ) మారుతుంది. సుమతీ శతకంలో ‘తా నెక్కిన బారని గుర్రము’ అన్నచోట ‘పారని’ అన్నది ‘బారని’ కావడానికి కారణం ఇదే. అది ‘ఎక్కినన్’ అని, అంటే ‘ఎక్కితే’ అని, అక్కడ ఇట్టే తెలిసిపోతుంది. మన పద్యంలో తరువాతి మాట ‘దొడ్డ’. అది సరళంతోనే మొదలవుతుంది కనుక మారవలసిన పని లేదు. ‘పెద్ద’ అని ఉండి ‘బెద్ద’ అయి ఉంటే చర్చే ఉండేది కాదు.

ఇక మిగిలిన సాక్ష్యాలు రెండు. ఒకటి చదివే తీరు. పిల్లలు ఈ పద్యం అప్పజెప్పేటప్పుడు ‘ఇచ్చిన’ దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, ‘దొడ్డవారి’ అని మళ్ళీ ఎత్తుకుంటారు. పాదాంతంలో వాక్యం తప్పకుండా విరగాలన్న నియమం లేదు కాబట్టి దీన్ని నేను బలమైన సాక్ష్యంగా చెప్పను. రెండోది మూడవ పాదం. నాకు నిర్ణాయకంగా కనిపించేది అదే. కృతఘ్నతను చెప్పదలచుకున్న కవి ఉపమానానికి కుక్కను ఎంచుకోడు, తెలుగువాడికి కుక్క అనగానే విశ్వాసమే గుర్తుకు వస్తుంది. పైగా ఇక్కడ కుక్క ఎవరినీ కరవలేదు, ఎవరికీ ద్రోహం చేయలేదు. చెప్పు కొరకడానికి అలవాటుపడిన నోటికి చెరకు రుచి తెలియదు, అంతే. కాబట్టి పద్యంలోని దోషం గుణాన్ని గుర్తించలేకపోవడం. యోగ్యుల విలువ తెలియదు కనుకనే వారిని తోలగొడతాడు. చేదర్థకమే సరైన అన్వయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

‘అల్ప’ శబ్దాన్ని పుట్టుకకు ముడిపెట్టిన వ్యాఖ్య ఒకటి ఈ చర్చలో కనిపించింది. అది ఎంతమాత్రం ఒప్పుకోదగినది కాదు. ‘అల్పు డెపుడు పల్కు నాడంబరముగాను, సజ్జనుండు పలుకు చల్లగాను’ అన్నప్పుడు అల్పుడికి ఎదురుగా నిలబడ్డవాడు సజ్జనుడు, కులీనుడు కాడు. మన పద్యంలో కూడా ఉన్నది ‘బుద్ధి’ అనే మాట.

అన్వయం ఇలా కుదిరాక అసలు ప్రశ్న మిగులుతుంది. ‘ఇచ్చిన’ అన్న క్రియకు కర్త ఎవరు? పద్యంలో కర్త లేడు. అధికారం అల్పబుద్ధికి దానంతట అది రాదు, ఎవరో ఇస్తేనే వస్తుంది. సుమతీ శతకంలోని ‘కనకపు సింహాసనమున శునకము గూర్చుండబెట్టి’ కూడా ఇదే మాట చెబుతుంది: కుక్క సింహాసనం ఎక్కలేదు, దాన్ని కూర్చోబెట్టారు, శుభలగ్నం చూసి మరీ పట్టం కట్టారు. ఆ కాలంలో అధికారం ఇచ్చేది రాజో, రాజు దగ్గరి పెద్దలో. ఇప్పుడు పార్టీ టికెట్టు ఇస్తుంది, ఓటు మనం వేస్తాం. అందువల్ల ఈ పద్యం ఉదహరించిన ప్రతిసారీ నింద సగమైనా ఇచ్చినవారి మీద పడుతుంది. నాయకుడి పేరు కింద దాన్ని తిట్టుగా వాడితే ఆ సగం జారిపోతుంది.

రెండవ పాదం మన వాదనలకు మంచి కొలమానం కూడా. ఒక నాయకుడు అల్పబుద్ధి అని ఎవరైనా అంటే, ఆయన చుట్టూ ఉన్న సమర్థులు, అనుభవజ్ఞులు నిలిచారా, పక్కకు పోయారా అని అడగవచ్చు. పనిమంతుడైన అధికారి బదిలీ అయ్యాడా, ఎదురు చెప్పగలిగిన సలహాదారు మిగిలాడా అని చూడవచ్చు. దీనికి ఆధారాలతో జవాబు చెప్పవచ్చు, ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. ఉపమానాన్ని మాత్రమే పట్టుకుంటే ఇవేవీ కుదరవు.

ఇక మర్యాద. వేమన అందరినీ ‘రా’ అన్నాడు కాబట్టి మనం కూడా నాయకులను ఏకవచనంలో అంటే తప్పేమిటని వచ్చిన వాదం మకుటానికే నిలవదు. ‘విశ్వదాభిరామ’ గురించి ఎన్ని అభిప్రాయాలు ఉన్నా, ‘వినుర’లోని ‘ర’ చేరింది ‘వేమ’కే. కవి చనువుగా పిలిచింది తనను తానే. మనం ‘వేమన అన్నాడు’, ‘పోతన చెప్పాడు’ అంటాం, అందులో దగ్గరితనం ఉందే తప్ప చిన్నచూపు లేదు. అదే ప్రత్యయాన్ని సమకాలీన నాయకుడికి, అందునా కోపంలో వాడితే, వినేవాడికి తూలనాడినట్లే వినిపిస్తుంది. ‘గారు’ చేర్చి కూడా కఠినమైన ప్రశ్న అడగవచ్చు. ‘గారు’ చేర్చినంత మాత్రాన ప్రశ్న అడగకూడదని అభిమానులు అనడం కూడా సరికాదు.

వేమన పద్యాలు నోటినోటా ప్రాకినవి. వాటిని సేకరించిన ఆంగ్లేయుడు సి.పి. బ్రౌన్ 1829లోనూ 1839లోనూ అచ్చు వేయించేనాటికే వాటికి పాఠాంతరాలు ఉన్నాయి. అందుచేత వేమన పద్యాల్లోనే చేదర్థక ‘ఇన’ మీద పరుషం సరళంగా మారిన చోట్లు గుర్తున్నవారు, ఏ ముద్రణలో చూశారో కూడా చెబుతూ, ఇక్కడ ఉదహరించవలసిందిగా కోరుతున్నాను.