శాటిలైట్ కార్డు, యూఎస్‌బీ ట్యూనర్ ఒకే పీసీలో: నంబర్లు మారిపోతున్నాయి, సాయం చేయండి

నమస్కారం. టీవీకి కలిపిన లైనక్స్ పీసీలో శాటిలైట్ ఛానళ్లు అందుకునే డీవీబీ-ఎస్2 పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు ఉంది. యాంటెన్నా ఛానళ్ల కోసం ఈమధ్య డీవీబీ-టీ2 యూఎస్‌బీ ట్యూనర్ కూడా పెట్టాను. విడివిడిగా రెండూ బంగారంలా పనిచేస్తాయి. కలిపితేనే పేచీ.

పీసీ ఆన్ అయ్యేటప్పుడు ఏ డ్రైవర్ ముందు లోడ్ అయితే దానికి అడాప్టర్ 0 అనే నంబర్ పడుతోంది, రెండోది 1 అవుతోంది. ఈ నంబర్లు తారుమారైన రోజు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ శాటిలైట్ ఛానల్‌ని యాంటెన్నా ట్యూనర్‌లో వెతుకుతుంది. ఫైల్ ఖాళీ! రాత్రి రికార్డింగ్ పెట్టి పడుకోవాలంటే టెన్షనే.

డ్రైవర్లను లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ సెట్టింగుల్లో 'అడాప్టర్ ఎన్ఆర్' ఆప్షన్‌తో ఒక్కో డ్రైవర్‌కి నంబర్ ఖాయం చేయవచ్చని తెలుసు. ఇప్పటికి అది సరిపోతుంది. కానీ అచ్చం ఇలాంటి యూఎస్‌బీ ట్యూనరే ఇంకొకటి కొనాలనుకుంటున్నాను. రెండింటికీ డ్రైవర్ ఒకటే అయినప్పుడు ఏది ఏదో పీసీకి ఎలా చెప్పాలి? నా ట్యూనర్‌లో సీరియల్ నంబర్ లేదు. లైనక్స్‌లో పరికరాలకు పేర్లు పెట్టే యూడెవ్ రూల్‌లో యూఎస్‌బీ పోర్టును బట్టి పేరు పెడితే నమ్మకంగా నిలుస్తుందా?

ఒకే ఫ్రీక్వెన్సీలో వచ్చే ఛానళ్లను ఒక్క ట్యూనర్‌తోనే కలిపి రికార్డు చేయవచ్చు కాబట్టి అసలు మూడోది అనవసరం అంటారా? అదీ చెప్పండి. ఇలా కలిపి వాడుతున్నవాళ్లు మీ సెట్టింగులు పెడితే చాలా మేలు.