నాన్న కోసం పీఎస్4లో బాస్ ఫిషింగ్ గేమ్, ఏది తీసుకోవాలి?

చైతన్యపురి_గేమర్:
మా నాన్నకి గాలం వేయడమంటే ప్రాణం. నల్గొండ దగ్గర మా ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఖాళీ దొరికితే చెరువుగట్టు మీదే ఉండేవారు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, గండిపేట దాకా తీసుకెళ్లినా గట్టు దిగలేరు. ఇంట్లో పీఎస్4 (ప్లేస్టేషన్ 4) ఉంది కదా అని ఫిషింగ్ ప్లానెట్ పెట్టిచ్చా. బాగా నచ్చింది, కానీ సాయంత్రమైతే మా నెట్ పోతుంటుంది, దాంతో గేమ్ మధ్యలో ఆగిపోతుంది. గేమ్‌లో పెద్ద చేప పడ్డ ప్రతిసారీ గాలం లైన్ తెగిపోతోంది కూడా. ఆయనకి సరిపోయే గేమ్ ఏదైనా ఉందా, లైన్ తెగకుండా ఏం చేయాలి?

మలక్‌పేట_రీల్:
ఫిషింగ్ ప్లానెట్ ఫ్రీనే గానీ నెట్ లేకపోతే అసలు నడవదు బ్రో, పైగా ఒక్కో చోటికి లైసెన్సు, ప్రయాణం అంటూ గేమ్ డబ్బులు ఖర్చవుతూనే ఉంటాయి, పెద్దాయనకి ఆ లెక్కలు విసుగు. డవ్‌టెయిల్ అనే కంపెనీ వాళ్ల బాస్‌మాస్టర్ ఫిషింగ్ 2022 చూడు, అది 2021లో వచ్చింది, బాస్ అనే చేపని పట్టడానికి అమెరికాలో జరిగే అసలు బాస్‌మాస్టర్ టోర్నీల మీద తీసిన గేమ్. ఆ టోర్నీల్లో ఎన్ని చేపలు పట్టినా అయిదింటి బరువే లెక్క, అందుకని అయిదు నిండాక చిన్నదాన్ని వదిలేసి పెద్దదాన్ని ఉంచుకోవాలి. చెరువు చూసిన మనిషికి ఆ ఆలోచన చాలా నచ్చుతుంది. ముందు సెకండ్ హ్యాండ్ డిస్క్ కోసం వెతుకు.

లైన్ తెగేది డ్రాగ్ వల్ల, అంటే చేప లాగినప్పుడు లైన్ ఎంత తేలిగ్గా బయటికి పోవాలో చూసే రీల్ బిగువు. డ్రాగ్ బిగించేసి చేప పరిగెత్తుతున్నా రీల్ తిప్పుతూ ఉంటే ఏ లైనైనా తెగుతుంది. కొంచెం వదులు చెయ్యండి, అది లాగినప్పుడు లైన్ పోనివ్వండి, ఆగినప్పుడు చుట్టండి. అది ఎగిరితే రాడ్ కొన కిందికి దించాలి, కానీ లైన్ మాత్రం వదులు కాకూడదు.

రామంతపూర్_కొర్రమట్ట:
పై అన్న డ్రాగ్ గురించి చెప్పింది కరెక్టే. కానీ నాన్నగారికి నేర్పాల్సింది ముందు ఎర గురించి. లార్జ్‌మౌత్ బాస్ మన బొచ్చెలాగా పిండి ముద్దకి రాదు, గడ్డిలో, మునిగిన దుంగల పక్కన కాచుకుని మీద పడే చేప. ఆ లెక్కన మన కొర్రమట్టకే దగ్గర. కాబట్టి నీళ్ల మధ్యలోకి దూరంగా విసరడం కాదు, నీడ, నాచు, రాళ్లు ఉన్న చోట వేయాలి. తెల్లవారుజామున, సాయంత్రం పైన తేలే లూర్ (ఉత్తుత్తి ఎర). ఎండాకాలం మధ్యాహ్నం లోతులో సాఫ్ట్ వార్మ్ (మెత్తని ఉత్తుత్తి పురుగు), చాలా మెల్లగా. చలి తగ్గి నీళ్లు వేడెక్కుతున్నప్పుడు అవి గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వస్తాయి, అప్పుడు లోతులో వెతకడం దండగ. క్రాంక్‌బెయిట్ (చుడుతుంటే నీళ్లలోకి దిగే గట్టి చేప బొమ్మ ఎర) అయితే రాయికో దుంగకో తగిలేలా లాగండి, తగిలి పక్కకి తిరిగినప్పుడే ఎక్కువగా కొడతాయి.

చైతన్యపురి_గేమర్:
థాంక్స్ అన్నా. ఇది చదివి వినిపిస్తే నాన్న, కొర్రమట్టకి మేం కప్పనే గుచ్చేవాళ్లం, ఇందులో కప్ప ఉందా అని అడుగుతున్నారు.

రామంతపూర్_కొర్రమట్ట:
బాస్‌కి కప్ప లూర్ బాగా పనిచేస్తుందని చెప్పండి. లోపల బోలుగా ఉండే రబ్బరు కప్ప, కొక్కేలు దాని ఒంటికి ఆనుకుని పైకి ఉంటాయి కాబట్టి నాచులో చిక్కుకోదు. అసలు చెరువులో కొర్రమట్టకి కూడా ఇప్పుడు చాలామంది అదే వాడుతున్నారు. మీరు తీసుకునే గేమ్‌లో ఆ లూర్ ఉందో లేదో కొనే ముందు చూసుకోండి. నీళ్లు ఎగిసిపడగానే రాడ్ లాగొద్దు, కప్పని నోట్లోకి తీసుకునేదాకా ఒక్క క్షణం ఆగాలి.

పాత_కన్సోల్_అబిడ్స్:
నా ఓటు మాత్రం సెగా బాస్ ఫిషింగ్‌కే. 1997లో ఆర్కేడ్‌లో వచ్చి, 1999లో సెగా వాళ్ల కన్సోల్ డ్రీమ్‌కాస్ట్‌కి వచ్చింది. దానికోసం రాడ్ ఆకారంలో రీల్ ఉన్న కంట్రోలర్ కూడా చేశారు, చేప లాగితే చేతిలో వణుకు తెలిసేది. మెనూల గోల లేదు, విసరడం, లాగడం అంతే. పీఎస్4కి రాలేదు, పీఎస్3లో మాత్రం 2011లో డౌన్‌లోడ్‌గా ఇచ్చారు. ఎవరిదైనా పీఎస్3లో ఆ గేమ్ ఎక్కించి ఉంటే కొనే ముందు ఒక సాయంత్రం నాన్నగారి చేతికి ఇచ్చి చూడండి. నిజం చేపల వేటలా ఉండే సిమ్యులేషన్ కావాలా, తేలిక గేమ్ చాలా అనేది ఆయనే చెప్తారు.